చౌరస్తాలో సెమీఫైనల్

ఈ బస్సంటే నాకు మంట. బస్సులో నా వెనక కూర్చున్న పన్నెండుమందన్నా మంటే, వాళ్ల తడి సాక్సుల వాసనన్నా మంటే, కిటికీలోంచి కనిపిస్తున్న ఎల్బీనగర్ చౌరస్తా అన్నా, దానికి అడ్డంగా తాటాకు చాపలు పరుచుకుని కూర్చున్న మనుషులన్నా, వాళ్ల మధ్యలోకి దిగివెళ్లి ఇరవై నిమిషాలైనా తిరిగిరాని మా ఆయనన్నా కూడా మంటే, కాకపోతే ఆయన మీద మంట ఎక్కువసేపు నిలవదు, ఎందుకంటే దూరంగా ఆయన వీపు కనిపిస్తోంది, ఆ నీలం చొక్కా పొద్దున నేనే ఇస్త్రీ చేశాను, కాలరు కింద ఒక మడత మిగిలిపోయింది, అది ఇక్కడికి కనబడే అవకాశం లేదు, అయినా కనబడుతున్నట్టే ఉంది, పెళ్లయి ముప్పై నాలుగు రోజులు, చొక్కా మడత తలుచుకున్నా నవ్వొస్తుంది, సిగ్గులేని మొహం నాది. రెండూ యాభై రెండు. నాలుగింటికి పెద్ద అంబర్‌పేట్‌లో సెమీఫైనల్. నాలుగూ పదిహేనుకల్లా మా జట్టు కోర్టులో లేకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు రాసేస్తారు. ఇక్కడి నుంచి అరగంట దారి, అంటే మూడూ నలభై అయిదుకి బస్సు కదలాలి. కదలకపోతే ఈ ఏటితో బాస్కెట్‌బాల్ జట్టు లేదని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు, కోర్టున్న చోట కాలేజీ బస్సులు నిలబెట్టుకుంటారట, మా ఆయన కాంట్రాక్టు మార్చితో సరి. ఫైనల్‌కి చేరితే మాత్రం ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు, చూద్దాం అని అన్నవాడి మొహం చూడాల్సింది, పుచ్చు వంకాయ కోసినప్పుడు పెట్టే మొహం.

టైమంతా నా ఒళ్లోనే ఉంది. మ్యాచ్ రోజు బస్సెక్కగానే అబ్బాయిల ఫోన్లూ వాచీలూ ఒక గుడ్డసంచిలో వేయించడం మా ఆయన పద్ధతి, కోర్టులో దిగేదాకా ఇంట్లోవాళ్ల మాటలు గానీ టీవీలో పరిగెత్తే వార్తలు గానీ బుర్రలోకి ఎక్కకూడదని. తన ఫోను, తన వాచీ కూడా అందులోనే వేస్తారు, నిర్వాహకులు చేస్తే నువ్వు మాట్లాడు అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ సంచి నా ఉద్యోగం. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి నెలలో సగం రోజులు షట్టర్ దించే ఉంటుంది, ఆ మెట్ల మీద కూర్చుని ఏం చేయను, అందుకే స్టాప్‌వాచీ పట్టుకుని జట్టుతో తిరుగుతున్నాను. సంచిలో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి వణుకుతున్నాయి, కళ్లు తెరవని పిల్లికూనల్లా, పొట్టమీద చక్కిలిగింత, నవ్వు బిగబట్టుకున్నాను, ఎందుకంటే వెనక నుంచి మల్సూర్ చూస్తున్నాడు. ఆరడుగుల మూడంగుళాలు, దేవరకొండ పక్క ఊరు, ఈ జట్టులో రింగు కింద నిలబడితే కదిలించలేని మనిషి, నోరు కూడా అంతే.

"మేడం," అన్నాడు బస్సంతా వినిపించేలా, "ఇప్పుడు ఆగినమ్ గదా. గీ ఆగిన నిమిషాలు ఎవల ఖాతాల రాస్తవు? మా దాంట్లనా, వాళ్ల దాంట్లనా?"

ఎడమవైపు సీట్లు నవ్వాయి. కుడివైపు సీట్లు నవ్వలేదు. బస్సులో ఎడమవైపు ఏడుగురు, కుడివైపు అయిదుగురు, ఎవరూ చెప్పలేదు, మొదటి రోజు నుంచీ అలాగే కూర్చున్నారు. ఎడమ వాళ్లు నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఎల్బీనగర్ చుట్టూ కిరాయి గదుల్లో ఉన్న ఇళ్ల పిల్లలు. కుడి వాళ్లు గుంటూరు నుంచి, భీమవరం నుంచి వచ్చి కొత్తపేటలో ఫ్లాట్లు కొనుక్కున్న ఇళ్ల పిల్లలు, మా ఇల్లులాంటి ఇళ్లు. తెలంగాణ ఇస్తామని డిసెంబరు తొమ్మిది ప్రకటన వచ్చాక ఇది రెండో సీజన్. మొదటి సీజన్‌లో కనీసం తిట్టుకునేవాళ్లట. ఇప్పుడదీ లేదు, బాల్ ఇవ్వక తప్పకపోతే మొహం చూడకుండా ఇస్తారు, అవతలివాడి ఛాతీకి తగిలి చప్పుడొచ్చేలా. కుడివైపు ఆఖరి సీట్లో కిటికీకి తలానించి, నేను లేనట్టు, నేను పుట్టనే లేనట్టు కూర్చున్నవాడు చంటి, నా తమ్ముడు. నాతో మాట్లాడి ముప్పై నాలుగు రోజులు. లింగస్వామిగారిని, అంటే ఇప్పటి మా ఆయన్ని, మా ఇంటికి మొదట తీసుకొచ్చింది వాడే, మా కోచ్, భలే మనిషి, అమ్మా కాఫీ ఇవ్వు అని. అమ్మ ఇచ్చింది. మళ్లీ మళ్లీ ఇచ్చింది. నాన్న ఆయనతో క్రికెట్ మాట్లాడాడు, వానలు మాట్లాడాడు, మీ ప్రాంతం వాళ్లు అమాయకులండీ అన్నాడు, ఆయన నవ్వి కాఫీ తాగేశారు. ఆయన వచ్చి నన్నిచ్చి పెళ్లి చేయమని అడిగిన రోజున మాత్రం ఆ అమాయకత్వమంతా నాన్నకి ఎటో పోయింది. మా నాన్న రామారావు ఎవరినీ గట్టిగా తిట్టడు, మెల్లగా తిడతాడు, ఆయన ముందే చంటి వైపు తిరిగి, మనింటికి ఇతన్ని తెచ్చింది నువ్వే కదరా అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట వాడు మింగలేదు, కక్కలేదు. మేం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంటే అమ్మ తలనొప్పని చెప్పి గుడికి వెళ్లినట్టు వచ్చింది, వాడు రాలేదు. పోయిన వారం అమ్మ పంపిన ఉసిరికాయ పచ్చడి జాడీ మా కర్మన్‌ఘాట్ గది గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా, బాంబు పెట్టినవాడిలా మెట్లు దిగి పరిగెత్తాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఆ రాత్రి వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని ఇద్దరం ఒక్క కంచంలో తిన్నాం, మాకు ఉన్నదే ఒక్క కంచం, రెండోది కొందామని రోజూ అనుకుంటాం, కొనం.

ఖాతా అన్నాడు కదూ మల్సూర్. తప్పు నాదే. పెళ్లయిన అయిదో రోజు ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. కోర్టులో అయిదుగురే ఆడగలరు, ఎవర్ని దింపినా అవతలివాళ్లు ప్రాంతం లెక్క తీస్తున్నారు, ఇక్కడ గూడ మా వాటా మీరే తింటరా అని ఎడమవాళ్లు, ఆట చూడరా సార్ అని కుడివాళ్లు. నేను ఎమ్మెస్సీ మాథ్స్, ఆ పైన కొత్త పెళ్లికూతుర్ని, ఆయన కనుబొమల మధ్య గీత చెరిపేయడానికి ఏ లెక్కైనా చేసేదాన్ని. నలభై నిమిషాల ఆట, ఒక్కసారికి అయిదుగురు, మొత్తం రెండు వందల నిమిషాలు, పన్నెండుమందికి పంచితే తలా పదహారు నిమిషాల నలభై సెకన్లు. సెకన్లు చూసి మనుషుల్ని మార్చలేం కాబట్టి ఎడమ ఏడుగురికీ పదిహేడు చొప్పున, కుడి అయిదుగురికీ పదహారు చొప్పున రాశాను. అత్తింటి వైపు ఒక నిమిషం ఎక్కువ మొగ్గితే ఏం పోయింది అనుకున్నాను, అలా అనుకున్నందుకు లోపల్లోపల మురిసిపోయాను కూడా. గ్యాస్ కనెక్షన్ కాగితాలు వచ్చిన కవరు వెనక ఆ పట్టిక చూసి ఆయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పారు, గది చిన్నది, నా మడమ తగిలి నీళ్లబిందె దొర్లింది, ఇద్దరం గుడ్డలు పట్టుకుని నేల తుడుస్తూ నవ్వుకున్నాం. మర్నాటి నుంచి జట్టు లేదు, పట్టిక ఉంది. మాకెందుకు ఒకటి తక్కువ అన్నారు కుడివాళ్లు. పదిహేడేడ్లు నూట పందొమ్మిది, పదహారైదులు ఎనభై, ఇంకో నిమిషం మిగుల్తది గదా, గది ఎవలది అన్నారు ఎడమవాళ్లు. ఆ మిగిలిన ఒక్క నిమిషం కోసం రెండు రోజులు ప్రాక్టీసు ఆగింది. మూడో మ్యాచ్‌లో చంటి వరసగా నాలుగు బాస్కెట్లు వేసి ఊపు మీదున్నప్పుడు వాడి పదహారో నిమిషం అయిపోయింది, నేను చెయ్యెత్తాను, వాడు బయటికొచ్చాడు, ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తర్వాతి మ్యాచ్‌లో మల్సూర్‌కి అదే జరిగింది. బెంచీకి ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు కూర్చుని నా చేతిలో స్టాప్‌వాచీని చూసిన చూపు మాత్రం ఇద్దరిదీ ఒకటే. సెమీస్‌కి ఎలా వచ్చామంటే, ఒక బంద్ రోజున ఎదుటి కాలేజీవాళ్లు రాలేకపోయారు, అలా వచ్చాం.

ఎవడో బస్సు రేకు మీద అరచేత్తో దబదబా బాదాడు. డ్రైవరు మట్టయ్య అద్దం మీద వేపకొమ్మ కట్టాడు, జై తెలంగాణ స్టిక్కరు కూడా అంటించాడు, అయినా బాదుతూనే ఉన్నారు. మూడూ ఏడు. మా ఆయన వస్తున్నారు, పక్కన మెడలో కండువాతో ఒక పెద్దాయన, రిటైరైన కండక్టరట, పేరు అంతయ్య, ఈ చౌరస్తాకి ఇవాళ ఆయనే పెద్ద. బస్సులోకి తల పెట్టి మమ్మల్నందర్నీ టిక్కెట్లు అడగబోతున్నట్టే చూశాడు.

"అన్నా, ఆటకు పోతున్నం, బతుకుదెరువు పంచాది గాదు, జర పోనీ అని చెప్తున్న," అన్నారు మా ఆయన.

"పోనిస్త. ఎవలు వద్దన్నరు? మా పిలుపే గది గద తమ్మీ, రోడ్డు మీదనే వండుకునుడు, రోడ్డు మీదనే తినుడు, రోడ్డు మీదనే ఆడుడు. పొద్దుగాల కబడ్డీ అయింది. ఇప్పుడు మీది ఒక ఆట ఆడుండ్రి, అయిపోంగనే పక్క నుంచి మీ బండి తీపిస్త. కని ఒకటి." అంతయ్య వేలితో సీట్ల నడుమ దారిని గీసినట్టు చూపించాడు. "మనోళ్లొక దిక్కు, వాళ్లొక దిక్కు."

"గట్ల వద్దే అన్నా. వీళ్లంత ఒక్కటే టీము. వీళ్లలో వీళ్లు కొట్టుకుంటే ఆడ నేనెవల్ని దింపాలె?"

"కొట్టుకునుడెందుకు? ఆట గద."

"ఆడ్తం సార్," అన్నాడు వెనక నుంచి మల్సూర్.

"మేమూ రెడీ," అన్నాడు చంటి.

ఈ సీజన్ మొత్తంలో వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. పన్నెండుమందీ సీట్ల మధ్య నుంచి తోసుకుంటూ దిగిపోయారు, బస్సు ఒక్కసారిగా పైకి లేచింది. మా ఆయన నావైపు చూసి, "నువ్వు దిగకు మృదులా, టైము జూస్తుండు," అన్నారు. మొహం ఎలా ఉందంటే, ఆ కనుబొమల మధ్య గీత ఉంది కదా, దానికి ఇంకో గీత తోడొచ్చింది.

రింగు లేదు. రింగు లేదని తెలిసి నాకు సంతోషం వేసింది, ఆట తప్పినట్టేగా అనుకున్నాను, కానీ చౌరస్తా మూల కాల్చడానికి తెచ్చిన పాత టైర్ల కుప్ప ఉంది, మా ఆయన వెళ్లి ఒక్కో టైరునీ జానతో కొలవడం మొదలుపెట్టారు. రింగు అడ్డం రెండు జానలు. కారు టైరు కాదు, స్కూటరు టైరు కాదు, మోటార్‌సైకిల్ టైరు ఒకటి సరిగ్గా రెండు జానలుంది. ఆయన దాన్ని చేత్తో పైకెత్తి సూర్యుడి కేసి చూశారు, దాంట్లోంచి వెలుగు గుండ్రంగా ఆయన మొహం మీద పడింది, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఎవరి కోసం, ఈ వెధవాట కోసం. విజయవాడకి బాణం గుర్తున్న పచ్చబోర్డు ఇనప స్తంభానికి బ్యానరు తాడుతో టైరు కట్టారు. జంగయ్య అని ఎడమవైపు కుర్రాడు, మాట తక్కువ, వాడి భుజాల మీద మల్సూర్ నిలబడి ముడివేశాడు. పొయ్యిలో బొగ్గు తెచ్చి తారు మీద గీతలు గీశారు. ఒక్కటే రింగు, బాస్కెట్‌కి ఒక్క పాయింటు, ముందు పదిహేను చేసినవాళ్లది గెలుపు, పద్నాలుగు దగ్గర సమానమైతే రెండు పాయింట్ల తేడా రావాలి. ఇరవై నిమిషాల పని అన్నారు మా ఆయన, విజిల్ తుడుచుకుంటూ. మూడూ పదిహేను.

జనం మూగారు. డప్పులు మొదలయ్యాయి. మల్సూర్ మొదటి బాస్కెట్ వేయగానే లేచిన అరుపుకి బస్సు అద్దాలు గీమన్నాయి, చంటి వేసినప్పుడు ఎవడో చెప్పు విసిరాడు, అది కోర్టు దాకా రాలేదు, విసిరినవాడే ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లి తెచ్చుకున్నాడు. ఒకరి ఒంట్లోంచి ఒకరు పోతున్నట్టు ఆడుతున్నారు, మోచేతులు, మోకాళ్లు, మల్సూర్ తుంటితో తోస్తే చంటి బొగ్గుగీత దాటి పోయి పడ్డాడు, అరచేతులు చెక్కుకుపోయాయి, లేచి ఆ చేతుల్ని లాగుకి రాసుకున్నాడు, చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే నా పరికిణీకి రాసేవాడు. మా ఆయన విజిల్ ఊదారు. మల్సూర్, "తాకలేదు సార్, గాలికి పడ్డడు, మీ ఇంటి మనిషి గద, బక్కగున్నడు," అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్విన మూతులన్నింటినీ నేను గుర్తుపెట్టుకున్నాను. ఎక్కడి నుంచో ఉడుకుతున్న అన్నం వాసన, రోడ్డు మధ్యలో మూడు రాళ్ల పొయ్యి, పక్కనే పెద్ద డేగిసాలో పప్పుచారు, ఇంగువ కాదు, వెల్లుల్లి తాలింపు, అంత కోపంలోనూ నా నోట్లో నీళ్లూరాయి.

కిటికీ కింద నుంచి ఒక ముసలమ్మ విస్తరాకు పైకి అందించింది. "తిను బిడ్డా. నేను ఈరమ్మను, పొద్దటిసంది నేనే వండుతున్న. ఎవలింటి పిల్లవు?"

ఏం చెప్పను. కొత్తపేట రామారావుగారి పిల్లను, ఆయన వద్దంటున్నాడు. ఆ విజిల్ పట్టుకున్నాయన భార్యను అన్నాను.

"లింగస్వామి పెండ్లామువా? మా దిక్కు మాట లేదేంది మరి నీకు?" నా గాజులు చూసింది, జడ చూసింది, "అటోళ్ల పిల్లవు," అంది, అని చెయ్యి వెనక్కి లాక్కోలేదు, పోను కూడా పోలేదు, "అయినా తిను," అంది. ఆ అయినాని కూడా ముద్దలో కలుపుకున్నాను. తిన్నాను. మెతుకు మెతుకుకీ పొగ వాసన, ఎంత బాగుందో. ఈవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, నోరు నిండా అన్నం ఉండగా కుదరలేదు.

మూడూ ముప్పై ఎనిమిది. పద్నాలుగు, పద్నాలుగు. మా ఆయన దూరం నుంచి మణికట్టు చూపించి అడిగారు, నేను ఏడు వేళ్లు చూపించాను, ఇంకా ఏడు నిమిషాలుంది. కుడివైపు శ్రీకర్ అనే కుర్రాడు రింగు కింద పైకెగిరి మడమ మెలిక పడి కూర్చుండిపోయాడు. వాళ్లకి అదనంగా ఎవరూ లేరు. నలుగురయ్యారు. అయిపోయిందిలే అనుకున్నాను, నలుగురి మీద అయిదుగురు, రెండు పాయింట్లు ఎంతసేపు, బస్సెక్కుదురుగాని రండి. కానీ మల్సూర్ బాల్ చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. పక్కన నిలబడి తమ వంతు కోసం చూస్తున్న ఇద్దర్ని చూశాడు. "జంగిగా, నువ్వు అటు పో," అన్నాడు. జంగయ్య పోలేదు. "పోరా అంటే. నలుగుర్ని కొడితే ఎవడన్న గెలుపంటడా?" జంగయ్య బొగ్గుగీత దాటి వెళ్లి చంటి పక్కన నిలబడ్డాడు. చంటి వాడివైపు చూడలేదు.

జనానికి అర్థం కాలేదు. జంగయ్య బాల్ పట్టగానే సగంమంది అరిచారు, సగంమంది ఆపారు. "అరే, గాయన మనోడే గద," "మనోడైతే గటెందుకు ఉరుకుతుండు," "గిప్పుడు ఎవలు కొడితే మనం ఒర్లాలె?" అంతయ్య లోపలికొచ్చి చేతులడ్డం పెట్టాడు. "ఏందిరా ఇది, చెప్పిందేంది, చేస్తుందేంది?"

"సరిసమానం ఉండాలె పెదనాయనా," అన్నాడు మల్సూర్, "నువ్వే గద రోజు మైకుల చెప్తవు." చుట్టూ జనం నవ్వుతుంటే అంతయ్య కండువాతో మొహం తుడుచుకుని పక్కకి జరిగాడు. అప్పటి నుంచి జంగయ్యని తిట్టని నోరు లేదు, వాడి ఊరిని తిట్టారు, వాడు తిన్న తిండిని తిట్టారు, తిట్టిన కొద్దీ వాడు మల్సూర్‌ని అతుక్కుపోయి ఆడాడు, ఒక్క బాస్కెట్ తేలిగ్గా వేయనివ్వలేదు. పదహారు, పదహారు. పదిహేడు, పదిహేడు. మూడూ నలభై అయిదు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపాను, మా ఆయన చూశారు, ఆట ఆపి ఏదో చెప్పారు, చేతులు జోడించినట్టు కూడా కనిపించింది. చంటి తల అడ్డంగా ఊపాడు. మల్సూర్ అడ్డంగా ఊపాడు. అంతయ్య, "ఆట కాకుంటే బండి కదలది," అన్నట్టున్నాడు. ఓరి దేవుడా, ఎవడో ఒకడు వదిలేస్తే సరిపోతుంది. ఒక్కడు పక్కకి జరిగి నిలబడితే రెండు బాస్కెట్లు, ఒక్క నిమిషం, అందరూ బస్సెక్కుతారు, చౌరస్తా అవతల హైవే నున్నగా ఖాళీగా ఉంది, ఒక్క బండి లేదు, మట్టయ్య ఇరవై నిమిషాల్లో కొట్టేస్తాడు. ఒక్కడూ జరగడు. సీజన్ పోయినా సరే, కోర్టు పోయినా సరే, మా ఆయన ఉద్యోగం పోయినా సరే, వీడికి వాడి చేతిలో ఓడటం మాత్రం వద్దు. ఇలాంటి పన్నెండుమందికి నేను లెక్కలు వేశానా. నా నిద్ర, నా కొత్త కాపురం, మా ఇద్దరి ఆదివారాలు, అన్నీ వీళ్ల చెమటలో నానబెట్టానా. అందర్నీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది, తమ్ముడితో మొదలుపెట్టి.

మూడూ యాభైకి సంచి భుజానికి తగిలించుకుని దిగాను. దిగొద్దన్నారు, అయినా దిగాను, ఈరమ్మ నా చెయ్యి పట్టుకుని జనంలోంచి దారి చేసింది, "జరుగుండ్రి, సార్ పెండ్లాం," అని. బొగ్గుగీత దగ్గరికి వచ్చేశాను. మా ఆయన నాకు పది అడుగుల దూరంలో వీపు చూపించి నిలబడ్డారు, చొక్కా తడిసి మడత ఎటు పోయిందో పోయింది. ఏమండీ, ఇప్పుడు కదిలితేనే అందుతాం. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు చంటి బాల్‌తో మల్సూర్ మీదికి దూసుకెళ్లాడు, మల్సూర్ రెండు చేతులూ ఎత్తి గోడలా లేచాడు, చంటి గాల్లో ఉండగానే బాల్ వెనక్కి వదిలేశాడు, చూడకుండా. అక్కడ జంగయ్య ఉన్నాడు. ఉంటాడని వీడికెలా తెలుసు. బాల్ వాడి ఛాతీకి తగల్లేదు, రెండు అరచేతుల్లో చప్పుడు లేకుండా వాలింది, ఇంట్లో అమ్మ నిద్రపోతున్నప్పుడు గిన్నె కింద పెట్టినట్టు. ఈ సీజన్‌లో కుడివాళ్ల నుంచి ఎడమవాళ్లకి, ఎడమవాళ్ల నుంచి కుడివాళ్లకి వెళ్లిన పాసుల్ని నేను ప్రతి ఒక్కటీ చూశాను, ఒక్కటి కూడా ఇలా లేదు. జంగయ్య టైరులోంచి వేశాడు. డప్పు కొట్టేవాడు ఒక దెబ్బ తప్పాడు. మల్సూర్ నడుం మీద చేతులు పెట్టుకుని, "అరె," అన్నాడు, తిట్టులా అన్నాడు, కానీ చంటిని చూసి అన్నాడు, మొహంలోకి చూసి. "మల్లొక్కసారి వెయ్యి జూస్త." చంటి, "చూడు," అన్నాడు.

నా నోరు తెరిచే ఉంది. మూడూ యాభై రెండు. అరవొచ్చు. మా ఆయన ఒక్క అడుగు వెనక్కి వేస్తే నా చెయ్యి అందుతుంది. మార్చి తర్వాత ఏం తింటాం, గది కిరాయి, నాన్న మొహంలో ఆ తృప్తి, చెప్పానా అనే ఆ మెల్లని గొంతు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి, అన్నీ నిజమే. మూడూ యాభై నాలుగు. మల్సూర్ ఈసారి ఆ పాసు పసిగట్టి మధ్యలో కొట్టేశాడు, చంటి నవ్వాడు, కోపంతో పళ్లు కనిపిస్తే అది నవ్వో కాదో చెప్పలేం, నేను చెప్పగలను, ఆ పళ్లకి కట్టించిన తీగ విప్పిన రోజున నేను పక్కనే ఉన్నాను. మూడూ యాభై ఆరు. నోరు మూసుకున్నాను. ఇంక అరిచినా అందుకోలేం. పన్నెండుమంది సీజన్‌ని, మా ఆయన ఉద్యోగాన్ని, నిలబడి, కళ్లతో చూస్తూ, పోనిచ్చాను. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. ఒకడు కొడితే ఒకడు కొడుతున్నాడు. తిట్లు అలాగే ఉన్నాయి, పెరిగాయి కూడా, కానీ ఇప్పుడు వాటిలో ఊరి పేర్లు లేవు, చెత్త షాటు, గుడ్డిపాసు, నిద్రపోతున్నవా, ఇలాంటి తిట్లు. మా ఆయనకి ఆటలో పడితే గంటలు తెలియవు, విజిల్ నోట్లోనే ఉంది, ఊదడం మర్చిపోయారు.

నాలుగూ పదహారుకి సంచిలో ఆయన ఫోను వణికింది. పెద్ద అంబర్‌పేట్ నుంచి నిర్వాహకుడు. "మేడం, రాసేసినం. రూలు గద. ఏమనుకోకుండ్రి." సరేనండీ అన్నాను. అంత చిన్న మాట సరిపోయింది. రేపో ఎల్లుండో ఆ కోర్టులో మొదటి బస్సు నిలబెడతారు.

ఇరవై మూడు, ఇరవై మూడు దగ్గర చంటి నీళ్లకోసం గీత దాకా వచ్చాడు. ఈరమ్మ చెంబు అందించింది, నా పక్కనే నిలబడి తాగాడు, గడ్డం మీంచి కారుతోంది, అరచేతుల్లో రక్తం ఎండి నల్లగా అయింది.

"టైమెంత?" అన్నాడు. చెంబుతో అన్నాడు, నావైపు తిరగలేదు.

"నాలుగూ పద్దెనిమిది."

తాగడం ఆపాడు. "రాసేశారా?"

"ఇప్పుడే ఫోన్ చేశారు."

మిగిలిన నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. కొన్ని నా చీర మీద పడ్డాయి, కొత్త చీర, పోచంపల్లి, తొలిసారి కట్టాను. అవతల మల్సూర్, "ఏమయ్యా, పెండ్లికొచ్చినవా, ఆడుతందుకొచ్చినవా," అని అరుస్తున్నాడు. చంటి చెంబు నా చేతిలో పెట్టాడు.

"బావకి చెప్పకు," అన్నాడు. "మాకింకా రెండు కావాలి."

పరిగెత్తుకుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన అప్పుడే తల తిప్పి నన్ను చూశారు, నేనెందుకు దిగానో కూడా అడగలేదు, చొక్కాచేత్తో నుదురు తుడుచుకుని మణికట్టు మీద వేలితో తట్టి చూపించారు, టైమెంతుంది అని. చెంబు చంకలో ఇరికించుకుని, వాళ్లు ఫోన్ చేశారన్నట్టు సంచి తట్టి చూపించి, గాజులు మోచేతి దాకా జారేలా రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్లూ విప్పి చూపించాను, మనకోసం ఇంకా పది నిమిషాలు ఆగుతారట అని. పెళ్లయ్యాక ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం. ఆయన తలూపి విజిల్ ఊదారు.